కుందేలు గొంతుతో

తోడేలుకి చుట్టమైన ఆ జంతువుని ఆఫీసులో అందరూ కయోటీ అంటారు. ఊరు దాటి పొలాల్లోకి వెళ్తే చివరి అక్షరం మింగేసి 'కయోట్' అంటారు. నన్ను దాని వేటకి తీసుకెళ్లిన పెద్దాయన దగ్గర మొదటిరోజు నేను కయోటీ అన్నాను. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆయన కొడుకు మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు.

నెబ్రాస్కాలో లింకన్‌కి గంట దూరంలో ఆయన పొలం. మొక్కజొన్న, సోయా, ఓ మంద ఆవులు. ఫిబ్రవరి చివర్లో ఆవులు ఈనడం మొదలవుతుంది. అప్పుడే పుట్టి కాళ్లు నిలవని దూడ మీద కయోట్ కన్ను పడుతుందని ఆయన భయం. అందుకే జనవరిలోనే ఆవులు ఈనే బీడు చుట్టూ తిరిగేవాటి సంగతి చూడాలంటాడు. మిగతావాటితో ఆయనకి పేచీ లేదు. "నా పొలంలో ఎలుకల్ని ఎవరు తింటారు, నువ్వా?" అని నన్నే అడిగాడు.

వేటకి వెంట వస్తాను గానీ తుపాకీ పట్టను, ఊరికే చూస్తాను అన్నాను. "పనంతా చూడటమేగా" అన్నాడు.

అమ్మకి ఫోన్‌లో చెప్తే, "నక్క తోక తొక్కినట్టు ఉద్యోగం దొరికింది కదరా, మళ్లీ నిజం నక్కల వెంట పడటం దేనికి?" అంది. ఇది నక్క కాదమ్మా, తోడేలుకి తమ్ముడు, నక్కకి అన్న అన్నాను. ఆవిడకి ఆ వరస నచ్చలేదు.

శనివారం పొద్దున్నే పికప్‌లో బయల్దేరాం. అక్కడ రోడ్లు చదరంగం గళ్లు. మైలుకో రోడ్డు, ఒక్కో గడి 640 ఎకరాలు. ఆయన ముందుగా కయోట్ కోసం వెతకలేదు, మనుషుల కోసం వెతికాడు. స్కూల్ బస్సు నడిపే ఆవిడని ఆపి, కయోట్ ఎక్కడ కనిపించిందని అడిగాడు. పక్క పొలం రైతుని, చచ్చిన ఆవుని ఎక్కడికి ఈడ్చి పడేశావని అడిగాడు. ఆ తర్వాతే దిగి నడిచాం. వాగు పొదలు, సీడర్ చెట్ల వరస, దున్నకుండా వదిలేసినందుకు ప్రభుత్వం డబ్బిచ్చే గడ్డి బీడు. ఈ మూడింటినీ కలిపే దారే కయోట్ దారట.

ముళ్లకంచె దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. అడుగు తీగకి బూడిదరంగు వెంట్రుకలు నాలుగు, కొసలు నల్లగా. కింద మంచులో అడుగులు. కుక్క అడుగు వెడల్పుగా, గుండ్రంగా, వేళ్లు విచ్చుకుని ఉంటుంది. ఇది కోడిగుడ్డులా కోలగా, గోళ్లు దగ్గరగా ముడుచుకుని ఉంది. కుక్క అటూ ఇటూ తిరుగుతుంది, దానికి ఇంట్లో అన్నం ఉంది కాబట్టి. కయోట్ అడుగులు మాత్రం దారం పట్టి గీసినట్టు ఒకే గీత మీద పోతాయి. పుల్లతో పెంట విప్పి చూపించాడు. ఎలుకల బొచ్చు, సూదుల్లాంటి ఎముకలు. దూడ బొచ్చు లేదు. ఆయన మొహంలో కొంచెం నిరాశ కనిపించిందని నా అనుమానం.

సాయంత్రం పొద్దు వాలాక గుట్ట మీద నిలబడి ఓ గొట్టంతో ఊళ పెట్టాడు. వాగు వైపు నుంచి జవాబు. పది పన్నెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడి కీచులాడాయి. "ఎన్ని?" అన్నాడు. పది అన్నాను. "రెండు" అన్నాడు. ఒక్కొక్కటీ క్షణానికో గొంతు మారుస్తుందట, అందుకే గుంపులా వినిపిస్తుంది. 1823లో జంతుశాస్త్రవేత్త థామస్ సే దీనికి పెట్టిన లాటిన్ పేరుకి 'మొరిగే కుక్క' అని అర్థం. నమూనా దొరికింది ఈ రాష్ట్రంలోనే, మిస్సోరి నది ఒడ్డున. ఆ రోజుల్లో ఈ మైదానాల్లోనూ దేశానికి పడమటి వైపునా ఉండేది. మనుషులు తోడేళ్లని ఖాళీ చేశారు, ఇది వాటి జాగాలోకి నడిచి వెళ్లింది. ఇప్పుడు ఒక్క హవాయి తప్ప లేని రాష్ట్రం లేదు. ఏటా ప్రభుత్వ ఉద్యోగులు చంపేవే అరవై వేల దాకా ఉంటాయి. అయినా ఊళ ఆగలేదు.

రాత్రి పల్చగా మంచు రాలింది. తెల్లారకముందే వెళ్లాం. బండి అరమైలు దూరంలో ఆపి, తలుపు చప్పుడు కాకుండా ఒత్తి మూశాడు. గాలి మా మొహానికి కొడుతోంది. సీడర్ చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాం. కయోట్ కూత విన్నా చెవుల్ని నమ్మదు, ముక్కునే నమ్ముతుంది. చుట్టూ తిరిగి గాలి వెళ్లే వైపుకి వచ్చి వాసన చూశాకే దగ్గరికి వస్తుంది. కాబట్టి ఆ వైపు చూపుకి అడ్డం లేని చోట కూర్చోవాలి. చెట్టు వెనక చిన్న పల్లం ఉంది, దాన్ని ఆయన పట్టించుకోలేదు.

నూరు గొంతులు పలికే బ్యాటరీ స్పీకర్ ఆయన బండిలోనే ఉంది. అయినా నోటితో ఊదే బూరే తీశాడు. చిన్నప్పుడు మేం కొబ్బరాకు చుట్టి చేసుకున్న బూర లాంటిదే. దాంట్లోంచి గాయపడ్డ కుందేలు ఏడ్చింది. అరచెయ్యి మూస్తూ తెరుస్తూ, గొంతు వణికిస్తూ, చివరికి ఊపిరి అందనట్టు ఆపేశాడు. అరవై దాటిన మనిషి అలా ఏడుస్తుంటే నా ఒళ్లు జలదరించింది. మన వైపు నక్కలవాళ్లు నక్క కూతని అచ్చంగా పలికి నక్కల్ని రప్పించేవారని పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు అక్కడ నక్కని పట్టడం నేరం. ఆ గొంతులు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో.

ఇరవై నిమిషాలు. కాళ్లు తిమ్మిరెక్కాయి, ముక్కు కారింది, తుడుచుకోబోతే కళ్లతోనే వద్దన్నాడు. ఏదీ రాలేదు. లోపల హాయిగానే ఉంది గానీ పైకి "అయ్యో" అన్నాను.

వచ్చిన దారినే పల్లంలోంచి వెనక్కి నడిచాం. చెట్టుకి ముప్పై అడుగుల దూరంలో ఆయన ఆగి, వేలితో చూపించాడు. మంచులో నా బూటు అచ్చు, దాని మీద సరిగ్గా మధ్యలో కోలగా, గోళ్లు ముడుచుకున్న అడుగు. అక్కడే కాసేపు నిలబడి, తిరిగి వాగు వైపు ఒకే గీతలో వెళ్లిపోయింది.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. "తొక్కావా తోక?" అంది.

"లేదమ్మా, అదే నన్ను తొక్కి వెళ్లింది."