మోటారు పోలేదు బాబాయ్

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్ల వెనక సందులో ఎలక్ట్రిక్ స్కూటర్లు మాత్రమే బాగుచేసే రేకుల షెడ్డు ఒకటుంది. చుట్టుపక్కలంతా వెల్డింగ్ మెరుపులు, సుత్తి దెబ్బలు. ఇక్కడ మాత్రం నేల మీద ఆయిల్ మరక కూడా కనిపించదు. బల్ల మీద మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, చిక్కుపడ్డ రంగురంగుల వైర్లు. మెకానిక్కుకి ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు.

నేను అతనితో మాట్లాడుతుండగానే పూలమ్ముకునే పెద్దాయన ఒకరు చెమటలు కక్కుకుంటూ బండి తోసుకొచ్చారు. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే టక్కున ఆగిపోయిందట. కొన్నచోటికి ఫోన్ చేస్తే, బండి చూడకుండానే మోటారు మార్చాలన్నారట.

కుర్రాడు బండి ముట్టుకోకుండా ముందు ప్రశ్నలేశాడు.

"ఆగినప్పుడు డిస్‌ప్లే ఆరిపోయిందా బాబాయ్?"

"లేదయ్యా, వెలుగుతూనే ఉంది."

"తోస్తుంటే తేలిగ్గా వచ్చిందా?"

"తేలికా! బ్రేకు పట్టేసినట్టు ఒకటే బరువు."

సగం రోగం ఆ రెండు జవాబుల్లోనే తెలిసిపోతుందట. డిస్‌ప్లే కూడా ఆరిపోతే చూపు బ్యాటరీ వైపు తిప్పాలి. ఎంసీబీ పడిపోయి ఉండొచ్చు, ప్లగ్గు వదులై ఉండొచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది. బలహీనపడిన సెల్లు ఉంటే వోల్టేజీ పడిపోయి, బ్యాటరీని కాపాడే బీఎంఎస్ సర్క్యూట్ సప్లై కట్ చేస్తుంది. డిస్‌ప్లే వెలుగుతూ చక్రం తేలిగ్గా తిరుగుతుంటే థ్రాటిల్, బ్రేకు లివర్ దగ్గరి స్విచ్చి, మోటారు ఎక్కడిదాకా తిరిగిందో కంట్రోలర్‌కి చెప్పే హాల్ సెన్సర్లు చూడాలి. బ్రేకు లివర్ పూర్తిగా వెనక్కి రాకపోయినా కంట్రోలర్ మోటారుకు కరెంటు ఇవ్వదు. అంత చిన్నదానికి కూడా బళ్లు తోసుకొస్తారని కుర్రాడు నవ్వాడు.

ఈ బండిది మూడో రకం. స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పితే, ఆగి ఆగి తిరిగింది. కంట్రోలర్ నుంచి మోటారుకు వెళ్లే మూడు లావు వైర్లు - పసుపు, ఆకుపచ్చ, నీలం - విప్పేశాడు. చక్రం గిర్రున తిరిగింది. విప్పిన వాటిలో రెండు కొసలు కలిపి పట్టుకుని "ఇప్పుడు తిప్పండి సార్" అన్నాడు. మళ్లీ బిగుసుకుంది. అయస్కాంతాలు తిరిగితే చుట్టలో కరెంటు పుడుతుంది. దానికి దారి దొరికితే ఆ కరెంటే చక్రాన్ని ఆపుతుంది. కంట్రోలర్‌లో స్విచ్చిలా పనిచేసే మాస్‌ఫెట్ కాలి షార్టయినా ఇదే వరస. మూత తీస్తే ఒకటి పగిలి నల్లగా ఉంది.

ఇక్కడితో ఆగి కొత్త కంట్రోలర్ బిగించే వాళ్లే ఎక్కువ. ఈ కుర్రాడు ఆగలేదు. అది ఎందుకు కాలిందో తేలకపోతే కొత్తదీ కాలుతుందన్నాడు. మోటారు వైరు ఇరుసులోకి దూరే చోట టార్చి వేసి, దాన్ని కాస్త వంచి పట్టుకుని చక్రం తిప్పాడు. బిగుసుకుంది. వదిలితే తేలికైంది. నట్టు కింద వాషరు కోసుకుని రెండు వైర్ల తొడుగు లేచిపోయి రాగి కనబడుతోంది.

"ఈమధ్య పంక్చర్ వేయించావా బాబాయ్?"

"పోయిన వారమేనయ్యా."

వైరును సరిగ్గా సర్దకుండా నట్టు బిగించేశారన్నమాట. అది నలిగి, గతుకులకు రాసుకుని, ఎత్తులో తాకి కంట్రోలర్‌ని కాల్చింది. మోటారు మాత్రం నిక్షేపంగా ఉంది. హాల్ సెన్సర్లూ మీటరు పెట్టి చూశాడు: చక్రం మెల్లగా తిప్పుతుంటే మూడూ సున్నాకీ అయిదు వోల్టులకీ మధ్య మారుతున్నాయి.

మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించని ఇలాంటి బళ్లకు రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. అందుకే చిన్న వ్యాపారులు వీటిని కొంటున్నారు. పూలబుట్టలు వేసుకుని ఫ్లైఓవర్లు ఎక్కించేది వీటినే. బండి ఆగితే రోజు సంపాదనా ఆగుతుంది. అలాంటప్పుడు చూడకుండా మోటారు మార్చమనడం అన్యాయం.

మీ బండి ఇలా ఆగి, తోస్తుంటే బరువుగా ఉంటే మళ్లీ మళ్లీ థ్రాటిల్ తిప్పకండి. ట్రాలీ ఆటో ఎక్కించండి. పంక్చర్ వేయించినప్పుడు దగ్గరుండి ఇరుసు దగ్గరి వైరు చూసుకోండి. కంపెనీలకూ ఒక మనవి: వైరింగ్ పటం బండితో పాటే చేతికివ్వండి.