ఉప్పు దగ్గర మొదలైన చీలిక

ఏమండీ, కాస్త నీడలోకి జరగండి, ఎండ మొహమ్మీద పడుతోంది. మా పైవాటాలో గ్రూప్స్ చదివే కుర్రాడు లేడూ? సిటీ సెంట్రల్ లైబ్రరీలో చోటు దొరకదని చీకట్లోనే బయల్దేరతాడు. మెట్లు దిగుతూ బౌద్ధ శాఖల పేర్లే ఒకటే జపం: మహాసాంఘికులు, చైత్యకులు, పూర్వశైలులు, అపరశైలులు. వినలేదంటే నేన్నమ్మను, మీ కిటికీ ఇటేగా!

ఇంతకీ వీళ్లెందుకు విడిపోయారో తెలుసా? ఉప్పు దగ్గర! నిజమండీ. బుద్ధుడు పోయిన నూరేళ్లకు వైశాలిలో 700 మంది భిక్షువులు పంచాయితీకి కూర్చున్నారట. పేచీ పది సంగతుల మీద. కొమ్ములో కాస్త ఉప్పు దాచుకోవచ్చా? మధ్యాహ్నం దాటి నీడ రెండు వేళ్లు జరిగాక తినొచ్చా? బంగారం, వెండి పుచ్చుకోవచ్చా? ఏదీ కుదరదన్నారు పెద్దలు. భిక్షువు మర్నాటికని తిండి దాచుకోకూడదు కదా, ఉప్పయినా సరే. ఓడినవాళ్లు వేరే కూడి మహాసాంఘికులయ్యారని సింహళ గ్రంథాల మాట. ఇంకో కథలో తగువే వేరు, ముక్తి పొందిన అర్హతుడికి కూడా సందేహాలు మిగులుతాయా అని.

ఆ మహాసాంఘికుల శాఖలే మన కృష్ణ ఒడ్డున వేళ్లూనుకున్నాయి. అమరావతి శాసనాల్లో చైత్యకుల పేరుంది. ఇహ నాగార్జునకొండ సంగతి చెప్పాలి. ఇక్ష్వాకుల రోజులు, 3వ శతాబ్దం. రాజు శాంతమూలుడు అశ్వమేధం చేస్తే, ఆయన తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యానికి పూనుకుంది. ఒకే ఇల్లు చూడండి! ఆ లోయలోనే బహుశ్రుతీయులకో విహారం, పెద్దల పక్షంలోని మహీశాసకులకో విహారం. సింహళ భిక్షువులకు బోధిశ్రీ అనే ఉపాసిక చైత్యగృహం కట్టించింది.

ఇప్పుడు మనం హుస్సేన్‌సాగర్‌లో 58 అడుగుల బుద్ధుడికి దణ్ణం పెట్టుకుంటున్నాం గానీ, అమరావతి తొలి శిల్పాల్లో ఆయన రూపమే లేదు. పాదాలు, ఖాళీ సింహాసనం, అంతే. విగ్రహం తర్వాత వచ్చింది. నాగార్జునకొండలో కొన్ని విహారాల్లో ఎదురెదురుగా రెండు గుళ్లుంటాయి. ఒకదాంట్లో స్తూపం, ఒకదాంట్లో బుద్ధ విగ్రహం. పాతదీ ఉంది, కొత్తదీ ఉంది, మధ్యలో నడిచే చోటుంది. నాకు ఎంత నచ్చిందో!

వేరుకుంపటి పెట్టుకోవడం తప్పు కాదండీ. పెట్టుకున్నాక కూడా ఒకే లోయలో బతకడం గొప్ప. మీకూ మీ తోడికోడలికీ మడి దగ్గర మాట పట్టింపు వచ్చిందటగా? నారాయణగూడ ఎంత దూరమని! పండక్కి పిలవండి, నేనూ వస్తాను.