పెట్టెలో దాగిన పలక

పిల్లలూ! మా మార్కాపురం పేరు చెప్పగానే పెద్దలకు గుర్తు వచ్చేది పలక. ఇక్కడి గనులలో దొరికే నల్లరాతిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి ఊరూరికీ పంపేవారు. మీ తాతయ్యా, అమ్మమ్మా అటువంటి పలకమీదనే ఓనమాలు దిద్ది ఉంటారు. కంప్యూటర్ పెట్టెలో కూడా ఒక పలక ఉన్నది. అదేదో చూద్దాం రండి.

నా పాత కంప్యూటర్ తీగ పీకి, మరలు విప్పి, పక్క మూత తీశాను. లోపల పెద్ద అట్టలాగా కనిపించేది మదర్‌బోర్డు. మిగతా భాగాలు దానిమీది సన్నని రాగి దారుల గుండా ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. మూలనున్న ఇనుప డబ్బా పవర్ సప్లై. ఇంట్లోకి వచ్చే 230 ఓల్టుల కరెంటును అది 12, 5, 3.3 ఓల్టులకు దించి పంచిపెడుతుంది. చిన్న పంకా కింద ఉన్నది ప్రాసెసర్. లెక్కలు చేసేది అదే. చేసేకొద్దీ వేడెక్కుతుంది గనుక దానికి పంకా కావాలి.

పక్కనే నిలువుగా గుచ్చిన సన్నని బద్ద చూశారా? అదే ర్యామ్, మన పలక! ప్రాసెసర్ అంకెలన్నీ దీనిమీద వేసుకుంటుంది, చెరిపి మళ్ళీ వేసుకుంటుంది. 1981లో ఐ.బి.ఎం. కంపెనీవారు తెచ్చిన పర్సనల్ కంప్యూటర్‌లో ఈ పలక 16 కిలోబైట్లతో మొదలయింది. అనగా సుమారు పదహారు వేల ఇంగ్లీషు అక్షరాలు పట్టేది. 8 గిగాబైట్ల పలకంటే దానికి అయిదు లక్షల రెట్లు!

ఈ పలకకు బలపం లేదు. ఇందులో కోట్లకొలది అతిచిన్న గదులుంటాయి. గదిలో విద్యుత్తు ఉంటే ఒకటి, లేకపోతే సున్న. ఆ విద్యుత్తు చిల్లికుండలో నీరులాగా కారిపోతూనే ఉంటుంది. అందుచేత ప్రతి గదినీ సెకండుకు పదిహేనుసార్లయినా చదివి మళ్ళీ నింపాలి. మీరు అక్షరాలు దిద్దినట్టే, కంప్యూటరూ రాసినదానిమీదనే దిద్దుతూ ఉంటుందన్నమాట. కరెంటు పోతే దిద్దే చెయ్యి ఆగిపోతుంది. పలక ఖాళీ!

మా వీధిలో ఒక అమ్మాయి, పలకరాయి చీల్చే విద్య గురించి తాతగారు చెప్పినదంతా ఒక సాయంత్రం కూర్చుని టైపు చేసింది. ఇంతలో కరెంటు పోయింది. ఒక్క ముక్క మిగలలేదు. ఆ పిల్ల ఏడుస్తుంటే తాతగారు, "పలకమీద రాసింది చెరగకుండా ఉంటుందా తల్లీ? పుస్తకంలోకి ఎక్కించుకోవద్దూ!" అని మళ్ళీ మొదటినుంచీ చెప్పారు.

కంప్యూటర్‌లో ఆ పుస్తకం పేరు హార్డ్‌డిస్కు. అందులో గిర్రున తిరిగే పళ్ళాలమీద రాత అయస్కాంతపు గుర్తులుగా నిలుస్తుంది. కొత్తరకం కంప్యూటర్లలో పళ్ళెం బదులు, కరెంటు లేకపోయినా విద్యుత్తును పట్టి ఉంచే చిప్పులుంటాయి. 'సేవ్' నొక్కడమంటే పలకమీదిది పుస్తకంలోకి ఎక్కించడమే. తాతగారి విద్య ఇప్పుడు ఆ పుస్తకంలో భద్రంగా ఉన్నది.

మీరు పెట్టె విప్పదలిస్తే ప్లగ్గు తీసి, పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకోండి. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎన్నడూ తెరవకండి. ప్లగ్గు తీసినా దానిలో కొంతసేపు విద్యుత్తు నిలిచే ఉంటుంది.