పాత బండి, పెట్రోలు లెక్క



పిడికెడు బియ్యం తీసిపెట్టే అలవాటు మన కుటుంబాల్లో చాలామందికి ఉంది. తల్లి ఎసరు పెట్టి, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం నాటికి అది చెప్పుకోదగినంత అవుతుంది. ఆ పిడికెడు తగ్గినందుకు ఇంట్లో ఎవరి కడుపూ మాడదు. ఇంత లెక్క తెలిసిన మనము మోటారు సైకిలు దగ్గరకు వచ్చేసరికి మాత్రం లెక్క వదిలేస్తాము. "పాత బండి, తాగుతుంది" అని ఊరుకుంటాము. ఎంత తాగుతోంది, ఎందుకు తాగుతోంది అని అడిగేవారు తక్కువ. ఈ నెల ఆ సంగతి రాయాలనుకుంటున్నాను. మన సంఘాల్లో పాత బళ్ళు నడిపే సహోదరులు, పాస్టర్లు, మేస్టార్లు, పాలవ్యాపారులు చాలామంది ఉన్నారు గనుక ఇది కొందరికైనా ఉపయోగపడుతుందని నా ఆశ.

నేను గరివిడిలో ఉంటూ చుట్టుపక్కల ఐదు పల్లెల్లో పరిచర్య చేస్తున్నాను. చీపురుపల్లి వైపు, గుర్ల వైపు, మెరకముడిదాం వైపు తిరగాలి. కూడికలు, గృహ దర్శనాలు, ఆసుపత్రిలో ఉన్నవారిని చూడడం, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు అన్నీ కలిపి నెలకు సుమారు 1200 కిలోమీటర్లు అవుతుంది. నా బండి యమహా ఆర్.ఎక్స్. 100. మా మామగారు ఫేకర్ కర్మాగారంలో పనిచేసే రోజుల్లో, 1993లో కొన్నారు. ఆయన ప్రభువునందు నిద్రించాక చాలా నెలలు బండి వసారాలోనే ఉండిపోయింది. తరువాత మా అత్తగారు, "ఊరికే తుప్పు పట్టడం ఎందుకు బాబూ, ఊళ్ళు తిరగడానికి నువ్వే వాడుకో" అని తాళం నా చేతిలో పెట్టారు.

ఆ బండి సంగతి మన వయసువారికి వేరే చెప్పనక్కరలేదు. ఎస్కార్ట్స్ సంస్థ జపానుకు చెందిన యమహాతో కలిసి 1985లో మన దేశంలో దాన్ని విడుదల చేసింది. ఇంజను 98 సి.సి. మాత్రమే, కాని 11 అశ్వశక్తి. బండి బరువు ఇంచుమించు నూరు కిలోలు. అంత తేలిక బండికి అంత బలం ఉండడంతో యాక్సిలేటరు తిప్పీతిప్పక ముందే ఎగిరి దూకేది. పొగ నిబంధనలు బిగుసుకోవడంతో 1996లో దాని తయారీ ఆగిపోయింది. అంటే అది పరుగు కోసం పుట్టిన బండి. దానితో రోజూ పల్లెలు తిరగడమంటే పందెపు ఎద్దును నాగలికి కట్టినట్టే.

ఒక పల్లె మీదకు వచ్చిన ఖర్చు

సంఘ పెద్దల సమావేశంలో ఒకనాడు ప్రయాణ ఖర్చుల విషయం వచ్చింది. పెట్రోలు లీటరు నూరు రూపాయలు దాటి ఏళ్ళు గడిచాయి. కోశాధికారి లెక్క చదివాక ఒక పెద్ద మెల్లగా అన్నారు: "అయ్యగారూ, మెరకముడిదాం అవతల పల్లెకు బుధవారం కూడిక నెలకు ఒకసారి చేస్తే సరిపోదా? రానూపోనూ 44 కిలోమీటర్లు. పదకొండు ఇళ్ళు." ఆయన మాటలో కాఠిన్యము లేదు. కూలి చేసుకునే వారి కానుకలో ప్రతి రూపాయికీ ఆయన జవాబుదారీ. కాని ఆ పదకొండు ఇళ్ళలో నడవలేని వృద్ధులు ముగ్గురున్నారు. వారికి ఆ బుధవారమే ఆదివారం.

నేను మూడు నెలలు గడువు అడిగాను. పల్లెను తగ్గించే ముందు బండి ఖర్చు తగ్గించి చూద్దామన్నాను. పెద్దలు ఒప్పుకున్నారు.

ముందు కొలవాలి

మొదటి పని కొలత. ట్యాంకు మూతి వరకు నింపి, మీటరు అంకె ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. మళ్ళీ నింపేటప్పుడు అదే బంకులో, బండిని అలాగే నిలబెట్టి, అదే మట్టం వరకు పోయించాలి. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు మైలేజీ తెలుస్తుంది. ఒక్కసారి చాలదు. మూడుసార్లు తీసి సరాసరి కట్టాలి. మా బండికి 27 వచ్చింది. నెలకు 44 లీటర్ల పైచిలుకు. మెరకముడిదాం అవతలి పల్లెకు నాలుగు బుధవారాలకు 176 కిలోమీటర్లు, అంటే ఆరున్నర లీటర్లు.

ఒకేసారి అన్నీ మార్చకూడదు. ఒక్కొక్కటి మార్చి, మళ్ళీ కొలవాలి. అలాగైతేనే దేనివల్ల లాభం వచ్చిందో తెలుస్తుంది.

పెట్రోలు ఎటు పోతోంది?

ఇది టూ-స్ట్రోక్ ఇంజను. ఇందులో కాలిన పొగ బయటకు పోయే దారి, కొత్త పెట్రోలు గాలి లోపలికి వచ్చే దారి కొంతసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. అందువల్ల కొత్తగా వచ్చిన పెట్రోలులో కొంత కాలకుండానే పొగతోపాటు సైలెన్సరులోకి జారిపోతుంది. పరిస్థితిని బట్టి ఇది నాలుగో వంతు వరకు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. ఇంజనులో పుట్టుకతో ఉన్న ఈ లోపాన్ని మనము తీసివేయలేము. దానిమీద మన అశ్రద్ధ తోడవకుండా చూసుకోగలము.

మా మెకానిక్కు చీపురుపల్లిలో ఉంటాడు. పాత యమహాలు బాగు చేయడంలో చెయ్యి తిరిగినవాడు. ఖర్చులేని పనులతో మొదలుపెట్టాము. మెయిన్ స్టాండు వేసి వెనుక చక్రాన్ని చేత్తో తిప్పితే అది సాఫీగా తిరగాలి. మాది అరచుట్టు తిరిగి ఆగిపోయింది, బ్రేకు పట్టేస్తోంది. దాన్ని వదులు చేశాడు. ఎండిన చైనును శుభ్రం చేసి ఆయిలు పెట్టాడు. టైర్లలో గాలి తక్కువగా ఉంది. కంపెనీ చెప్పినంత పట్టించాము. ఇక పొద్దున్నే వసారాలో పెట్రోలు వాసన వచ్చేది. పెట్రోలు కుళాయి సరిగా మూతపడక, కార్బురేటరు రాత్రంతా పొంగుతోంది. కుళాయి వాషరు, కార్బురేటరులోని ఫ్లోటు సూది మార్చాడు. ఇంతకే 30 వచ్చింది.

తరువాత గాలి ఫిల్టరు. మన ప్రాంతంలో ఖనిజం లారీల దుమ్ము ఎంతో మీకు తెలుసు. ఫిల్టరులోని స్పాంజి నల్లగా గట్టిపడి ఉంది. గాలి తక్కువైతే పెట్రోలు పాలు ఎక్కువవుతుంది, సగం కాలి సగం పొగవుతుంది. స్పాంజి చిరిగిపోకుంటే సబ్బు నీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, కొంచెం ఆయిలు రాసి పిండి తిరిగి పెట్టవచ్చు. మాది చివికిపోయింది గనుక కొత్తది వేశాము. స్పార్కు ప్లగ్గు కూడా మార్చాము.

ఆ తరువాత సైలెన్సరు. టూ-స్ట్రోక్ బండిలో పెట్రోలుతోపాటు ఆయిలు కూడా కాలుతుంది గనుక సైలెన్సరు లోపల మసి గడ్డకడుతుంది. పొగకు దారి ఇరుకైతే ఇంజను ఆయాసపడుతుంది. లోపలి గొట్టాన్ని బయటకు లాగి, మసి కాల్చి, గీకి పెట్టాడు. యువకులారా, ఒక మాట. శబ్దం కోసం ఆ లోపలి గొట్టాన్ని తీసి పారేయకండి. ఈ ఇంజనుకు సైలెన్సరు ఊరికే పొగగొట్టం కాదు. దాని ఆకారం వల్ల పొగ అల వెనక్కు తిరిగివచ్చి, జారిపోతున్న కొత్త పెట్రోలులో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజనులోకి నెడుతుంది. ఆ ఏర్పాటు చెడగొడితే ఊరంతా ఉలిక్కిపడుతుంది గాని మైలేజీ పెరగదు. శుభ్రం చేశాక మాకు 34 వచ్చింది.

అత్యాశ వద్దు

ఇక్కడ మెకానిక్కు ఒక సలహా ఇచ్చాడు. "ఏటి అయ్యగారూ, జెట్టు సిన్నది ఏసెత్తే ఇంకో ఐదు కిలోమీటర్లు వస్తాది. సేసెయ్యమంటారా?" చాలామంది చేయించుకుంటున్నారు కూడా. కాని టూ-స్ట్రోక్ ఇంజనుకు వచ్చే పెట్రోలే ఆయిలును మోసుకొస్తుంది, లోపలి వేడినీ కొంత చల్లారుస్తుంది. జెట్టు మరీ చిన్నదైతే పిస్టను వేడెక్కి సిలిండరును పట్టేస్తుంది. నడిరోడ్డు మీద చక్రం బిగుసుకుంటే ప్రాణానికే అపాయం. బోరు చేయించాలంటే వేలల్లో ఖర్చు. ఐదు కిలోమీటర్ల కోసం అంత పందెం ఎందుకన్నాను. అతడు నవ్వి ఒప్పుకుని, కంపెనీ కొలత జెట్టే ఉంచి, కార్బురేటరు శుభ్రం చేసి, లోపలి సూది క్లిప్పును ఒక్క గాడి మార్చాడు. ప్లగ్గు రంగు చూసి మిగతాది సరిచేశాడు. ప్లగ్గు ముక్కు లేత గోధుమ రంగులో ఉంటే పాలు సమంగా ఉన్నట్టు. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా మాడినట్టుంటే తక్కువ. అది ప్రమాదానికి గుర్తు. 36 వచ్చింది.

ఆయిలు విషయంలోనూ అంతే. మిగులుతుందని తగ్గిస్తే ఇంజను పోతుంది. మంచిదని ఎక్కువ పోస్తే పొగ, మసి పెరుగుతాయి. కొలత గ్లాసుతోనే పోయాలి. ఇక సంతల్లో అమ్మే మైలేజీ బిళ్ళలు, పెట్రోలు గొట్టానికి కట్టే అయస్కాంతాలు కొనకండి. అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ ఇటువంటి సాధనాలను ఎన్నో పరీక్షించి, వాటిలో చాలావరకు చెప్పుకోదగిన లాభం ఇవ్వవని తేల్చింది.

చెయ్యి అదుపులో ఉంటే

మిగిలిన లాభం నా కుడిచేతిలో ఉంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు దాని వర్గంగా పెరుగుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న గాలి అడ్డు 70లో దాదాపు రెట్టింపు. ఈ బండి 70కి పోదామని పిలుస్తూనే ఉంటుంది. 45, 50 మధ్యన నిలకడగా పోనివ్వాలి. ముందు మలుపు కనబడితే అప్పుడే యాక్సిలేటరు వదలాలి. చివరిదాకా పరుగెత్తించి బ్రేకు వేయడమంటే కొన్న పెట్రోలును బ్రేకు చెప్పులకు అరగదీయడమే. రైలు గేటు పడితే ఇంజను ఆపాలి, ఎందుకంటే నిలబడి ఉన్నప్పుడు ఈ ఇంజను కాల్చేదానికంటే ఒలకబోసేది ఎక్కువ అనిపిస్తుంది. ఒకే దిక్కు పనులన్నీ ఒకే రోజుకు కలిపాను. విజయనగరం పనులకు బండి తీయడం మాని, రైలుకో బస్సుకో పోతున్నాను. ఈ అలవాట్లతో మైలేజీ 39కి చేరింది.

ఇంకో సంగతి. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం సాధారణమైంది. ఇథనాలులో పెట్రోలుకంటే శక్తి లీటరుకు మూడో వంతు తక్కువ. కాబట్టి ఆ కలిపిన లీటరులో ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. పైగా ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలను చెడగొట్టవచ్చు. పాత బండి ఉన్నవారు పెట్రోలు గొట్టము, కార్బురేటరు రబ్బర్లు ఏడాదికోసారి చూపించుకోండి. వారాల తరబడి బండి తీయకపోయేటట్టుంటే కార్బురేటరులోని పెట్రోలు దింపేయండి.

లెక్క తేలింది

39 చొప్పున 1200 కిలోమీటర్లకు 31 లీటర్లలోపే. నెలకు 13 లీటర్ల పైగా మిగులు. విడిభాగాలకు, మజూరీకి పెట్టిన ఖర్చు మూడు నెలలు తిరక్కముందే వచ్చేసింది. ఆ పల్లెకు నాలుగు బుధవారాలకు కావలసింది ఇప్పుడు నాలుగున్నర లీటర్లు. మిగిలినదానిలోనే ఆ పల్లె ఖర్చు రెండుసార్లు పైగా సరిపోతుంది. నోటుబుక్కు పెద్దల ముందు పెట్టాను. కోశాధికారి రెండుసార్లు కూడి చూసుకుని, "బుధవారం అలాగే ఉండనివ్వండి అయ్యగారూ" అన్నారు.

అయినా నిజం చెప్పుకోవాలి. కొత్త నాలుగు-స్ట్రోకుల నూరు సి.సి. బండి లీటరుకు 60 దాకా ఇస్తుంది, పొగ ఎంతో తక్కువ. మన వెనుక నడిచే పిల్లల ఊపిరిలోకి మన పొగ పోకూడదు కదా. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ ఐదేసి సంవత్సరాలకే తిరిగి ఇస్తారు. మా బండిది 2028 వరకు ఉంది. అంతవరకు దీన్ని శ్రద్ధగా నడిపి, ఆ పల్లె ఖర్చు పోగా మిగిలినదానిలో కొంత ప్రతి నెలా కొత్త బండికని వేరే డబ్బాలో వేస్తున్నాము. ఆ సమయానికి మా అత్తగారితో మాట్లాడి నిర్ణయం చేస్తాము. జ్ఞాపకం విలువైనదే గాని, దానికోసం సంఘము అప్పు పడకూడదు.

అయిదు వేలమంది తిన్న తరువాత కూడా మిగిలిన ముక్కలను పోగుచేయించిన ప్రభువు మనకున్నాడు. ఈ వారం మీ ఇంట్లో ఒక నోటుబుక్కు తీయండి. మీటరు అంకె, పోయించిన లీటర్లు రాయండి. రాయడం మీ పిల్లలకు అప్పగిస్తే మరీ మంచిది, వారికి లెక్కలూ వస్తాయి, కష్టార్జితం విలువా తెలుస్తుంది. మూడుసార్లు నింపాక అంకె చూసి, మెకానిక్కు దగ్గరకు వెళ్ళండి. ముందుగా చక్రం తిప్పి చూడమనండి.