ఏం కొలిచావు?

దర్శిలో నా రిపేరు కొట్టుకి వచ్చినవాళ్లు బల్ల మీదున్న హార్లిక్స్ సీసా చూసి, ‘ఏందయ్యా ఇవి, పాత సామానోడికి వెయ్యకుండా దాచావు?’ అంటారు. అందులో నలభై మూడు పాత కండెన్సర్లున్నాయి. వాటిలో నలభై ఒకటి ఇప్పటికీ బాగానే ఉన్నాయి. బాగున్నవాటిని పీకేసినందుకు నాకు నేను వేసుకున్న జుర్మానా ఆ సీసా.

2012 శివరాత్రికి మూడు వారాల ముందు పాటకచేరీలు నడిపే మాస్టారొకాయన తన కీబోర్డు తెచ్చాడు. 1984 నాటి జపాన్ అనలాగ్ సింథసైజర్. తెలుగు సినిమా పాటలు ఎక్కువగా మద్రాసులోనే రికార్డవుతున్న రోజుల్లో అక్కడ దిగి, చేతులు మారి మారి ఈయన దగ్గరకొచ్చింది. ఇప్పటి కీబోర్డులు చాలావరకు ముందే దాచిపెట్టిన శబ్దాన్ని బయటికి తీస్తాయి. ఇది అట్టా కాదు. కరెంటునే అలగా పుట్టించి, ఫిల్టర్లో చెక్కి పలికిస్తుంది. ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతాయి. ఆరింటికి ఆరు విడివిడి దార్లు, ఒక్కో దారికి ఒక్కో చిప్పు.

‘అబ్బాయా, వాయిస్తుంటే మధ్యలో ఒక స్వరం ఎగిరిపోతోంది. ఒక్కోసారి గరగరమంటోంది. కోటప్పకొండలో ప్రభ మీద ప్రోగ్రాం ఒప్పుకున్నా’ అన్నాడు మాస్టారు.

మూత విప్పగానే ఇద్దరం తుమ్మాం. మిరపకాయ బస్తాల గదిలో పెట్టేవాడట. ఆ తుమ్ములు తగ్గకముందే నేను తేల్చేశాను. ‘ముప్పై ఏళ్ల సరుకు మాస్టారూ. కండెన్సర్లు ఎండిపోయుంటాయి. మొత్తం మార్చేద్దాం.’

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అంత ప్రమాదం. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లో అల్యూమినియం రేకుల మధ్య రసాయనంలో తడిపిన కాగితం ఉంటుంది. తడి ఆరేకొద్దీ దాని పట్టు తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. దానికి వేడే శత్రువు. 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసున్న కండెన్సర్, వేడి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా సుమారుగా రెట్టింపు కాలం బతుకుతుంది. ఆ లెక్కన 45 డిగ్రీల దగ్గర 32,000 గంటలు. నెలకి నాలుగు కచేరీలు చేసే కీబోర్డు అన్ని గంటలు ఎప్పుడు ఆడింది? వాడకుండా ఉంచినా కొంత ఆరుతుంది, నిజమే. అయినా ఆ లెక్క నాకు తెలిసుండీ వెయ్యలేదు. రేడియోలూ ఆంప్లిఫయర్లూ ఇరవై ఏళ్లు బాగుచేసిన చెయ్యి నాది. గుయ్‌మని హమ్మింగొస్తే ఫిల్టర్ కండెన్సర్ మార్చడం, శెభాష్ అనిపించుకోవడం. ఆ శెభాష్‌లే నా కళ్లకి గంతలు కట్టాయి.

ఊరూ పేరూ లేని చౌక కండెన్సర్లు ఒక పొట్లం తెప్పించాను. పీకబోయే ముందు ఒక్క ఫొటో తియ్యలేదు. ఆంప్లిఫయర్లకి వాడే అరవై వాట్ల ఐరన్‌తోనే దిగాను. పాత బోర్డు మీద రాగి గీతలు ఉల్లిపొరల్లా ఉంటాయి. సీసం కరగడానికి ఒక్క క్షణం ఎక్కువ ఆనించినా లేచిపోతాయి. నాలుగుచోట్ల లేచాయి. పాట సిగ్నల్ నడిచే దారిలో కొన్ని కండెన్సర్లకి ప్లస్సూ మైనస్సూ ఉండవు, అటు పెట్టినా ఇటు పెట్టినా ఒకటే. ఆ సంగతి చెప్పే అక్షరాలు వాటి మీదే ఉన్నాయి, నేను చదవలేదు. మామూలువి వేసేశాను. నా కొట్లో ఎక్కువగా చూసిన బోర్డుల మీద ప్లస్ గుర్తు ఉండేది, కండెన్సర్ ఒంటి మీద మైనస్ చార ఉంటుంది. ఆ రెండింటి మధ్య తికమకపడి ఒకటి తిరగేసి పెట్టాను. ఆన్ చేసిన కాసేపటికి టప్‌మంది. చేపలు కుళ్లిన వాసన కొట్టు దాటి వీధిలోకి వెళ్లింది.

అది కూడా మార్చి, అన్నీ బిగించి, మళ్లీ ఆన్ చేశాను. మొదటి స్వరం పలికింది. రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరోది ఎగిరిపోయింది. తెచ్చిన రోజు ఎట్టా ఉందో అట్టాగే.

శివరాత్రి వచ్చేసింది. ప్రభలు కట్టారు, కరెంటు బల్బులు వెలిగాయి. మాస్టారు అద్దె కీబోర్డు మీద వాయించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టుంటే కొంచెం తేలికయ్యేది.

పండగ అయ్యాక అద్దంకిలో ఉన్న మా గురువుగారి దగ్గరకెళ్లాను. వాల్వు రేడియోల కాలం మనిషి. చూపు తగ్గి పని మానేశాడు. మార్చినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. చివరిదాకా విని ఆయన అడిగింది ఒకటే. ‘మార్చినవి చెప్పావురా. ఏం కొలిచావు?’

నా దగ్గర జవాబు లేదు.

‘మీ ఊరికి సాగర్ కాలవ నీళ్లొస్తాయి గదా’ అన్నాడాయన. ‘కాలవే ఎండితే ఎవరి పొలం ఎండుద్ది?’

‘అందరిదీ.’

‘ఆరు మళ్లలో ఒక్క మడే ఎండితే?’

‘ఆ మడి గట్టు చూడాలి.’

‘మరి నువ్వు వారం రోజులు కాలవెందుకు తవ్వావు?’

కరెంటు సప్లై దగ్గర కండెన్సర్లు చెడితే ఆరు గొంతులూ కలిసి మూలుగుతాయి. ఆరింట ఒక్కటే పోతోందంటే జబ్బు ఆ ఒక్కదాని దారిలోనే ఉంది. సప్లై మీద మీటరు పెట్టి, డీసీలో ఏసీ అల ఎంత కలిసిందో చూస్తే రెండు నిమిషాల్లో తేలేది. అంతెందుకు, ఆ మోడల్లో ఒక మీట పట్టుకుని ఆన్ చేస్తే పరీక్ష మోడ్‌లోకి వెళ్లి, ఏ గొంతు పలుకుతోందో అంకె చూపిస్తుంది. మరమ్మతు పుస్తకం తెరిచుంటే నాకది కనిపించేది.

బస్సులో తిరిగొస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు. నేను పదో తరగతి చదివే రోజుల్లో మాకు నాలుగెకరాల పత్తి. పైరిత్రాయిడ్ మందులు కొత్తగా వచ్చాయి. మొదట పురుగు జలజలా రాలింది. ఆ తర్వాత ఏ తెగులొచ్చినా నాన్న అదే డబ్బా తెచ్చేవాడు. మందుకి మిత్రపురుగులు చచ్చాయి, తెల్లదోమ పెరిగింది, శనగపచ్చ పురుగు మందుకే అలవాటుపడింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు అప్పుల్లో కూరుకుపోయారు, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. మాకు రెండెకరాలు పోయింది. ‘ఏ పురుగో చూడకుండా ఎందుకు కొట్టావు నాన్నా?’ అని ఒకసారి నిలదీశాను. ‘నాకు తెలిసిన మందు అదొక్కటేరా’ అన్నాడు. ఆ మాటని చాలా ఏళ్లు చేతకానితనంగానే లెక్కేశాను. బస్సు దర్శి చేరేసరికి, నా చేతిలో ఉన్నదీ ఆ డబ్బానే అని అర్థమైంది. చెయ్యి తిరిగిన పని ఒకటుంటే, జబ్బులన్నీ దానికి లొంగేవిగానే కనిపిస్తాయి.

మాస్టారిని బతిమాలి కీబోర్డు మళ్లీ తెచ్చుకున్నాను. పరీక్ష మోడ్ పెడితే అయిదు నిమిషాల్లో దొంగ దొరికాడు. గొంతుకొకటి చొప్పున ఉన్న ఆ చిప్పుల మీద నల్లటి రెసిన్ పోసుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూతలోంచే కరెంటు కారడం మొదలవుతుంది. ఆ చిప్పుని జాగ్రత్తగా ఊడదీసి రెండు రోజులు అసిటోన్‌లో నానబెడితే పూత మెత్తబడి ఊడొచ్చింది. తిరిగి అతికిస్తే ఆరో గొంతు పలికింది. అందుకు పట్టింది మూడు రోజులు. నేను లేపేసిన రాగి గీతల స్థానంలో సన్నతీగలు అతికించి, చౌక కండెన్సర్లు తీసి మంచివి వెయ్యడానికి నెల పట్టింది. ఒక్క రూపాయి తీసుకోలేదు. తీసుకోమన్నా చెయ్యి చాచలేకపోయేవాణ్ణి.

చెత్తబుట్టలోంచి ఏరిన పాత కండెన్సర్లని అప్పుడు కొలిచాను, ఒక్కోటీ. కెపాసిటీ చూశాను, లోపలి నిరోధం చూశాను. నలభై మూడింటిలో చెడినవి రెండు. రెండూ సప్లై దగ్గర, వేడి పలకని ఆనుకుని ఉన్నవే. ఆ రెండూ ఎటూ మార్చాల్సినవే. అవి కూడా మాస్టారి స్వరం పోగొట్టలేదు.

ఇప్పుడు నా రిజిస్టర్లో ‘మార్చినవి’ అనే గడికి ముందు ‘కొలిచినవి’ అని ఇంకో గడి ఉంది. అది నిండనిదే ఐరన్ ప్లగ్గు పెట్టకూడదని పని నేర్చుకునే పిల్లలకి నియమం పెట్టాను. వాళ్లకి మొదటి వారం పని ఆ సీసాలో చెడిన రెండూ ఏవో కనిపెట్టడం.

నిరుడు ఎండల్లో ఒకావిడ సీలింగ్ ఫ్యాన్ తెచ్చింది. మెల్లగా తిరుగుతోందంది. మెల్లగా తిరిగే ఫ్యాన్‌కి కండెన్సరే గదా, అని మార్చేసి ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే అదే ఫ్యాన్ చంకనెట్టుకుని వచ్చింది. బేరింగ్ పట్టేసింది. చేత్తో ఒకసారి తిప్పి చూసినా తెలిసేది.

ఆ రోజు పేజీలో మొదటి గడి ఖాళీగానే ఉంది. పిల్లలు చూస్తారని తెలిసే, నింపకుండా వదిలేశాను.