ఎల్లెన్ టెర్రీ యిల్లు

ఆంగ్లదేశమున కెంటు మండలములో టెంటర్డెన్ పట్టణమునకు దక్షిణముగా స్మాల్‌హైత్ అను పల్లె కలదు. మా మఱదిగారిని చూచుటకై లండను వెళ్లినపుడు మా వారితో నచ్చటికి పోయితిమి. ఒకప్పుడచ్చట నోడలు కట్టెడివారట. ఇప్పుడు ఏరు సన్నగిల్లి, చుట్టును గొఱ్ఱెలు మేయు పచ్చిక మాత్రమే యున్నది. దాని నడుమ కొయ్యదూలముల గోడలతో పదునాఱవ శతాబ్దపు టిల్లొకటి నిలిచియున్నది.

దీనిని 1899లో కొన్నది సుప్రసిద్ధనటి ఎల్లెన్ టెర్రీ. ఆమె 1847లో కవెంట్రీలో నటకుల యింట జన్మించి, తొమ్మిదవయేటనే, 1856లో, రంగస్థల మెక్కెను. బడిచదువెఱుగదు, తలిదండ్రులు నేర్పిన నాటకములే యామె చదువు. ఇంటనే కావ్యములు చదువుకొన్న మాకు ఈ మాట వినగనే యామెపై బంధుప్రీతి కలిగెను.

పదునాఱేండ్లకు, 1864లో, తనకంటె ముప్పదియేండ్లు పెద్దవాడగు చిత్రకారుడు వాట్స్‌ను వివాహమాడెను. ఏడాది తిరుగక మునుపే యా కాపురము చెడెను. పిమ్మట గాడ్విన్ అను వాస్తుశిల్పితో, వివాహము లేకయే, కాపురముచేసి యిద్దఱు బిడ్డలను గనెను. లోకము తలుపులు మూసికొనెను. అప్పులు ముసురుకొనగా 1874లో మరల రంగమునకు వచ్చెను. 1878 మొదలు హెన్రీ ఇర్వింగుతో లైసియం నాటకశాలలో ఇరువదేండ్లకు పైగా నాయికయై వెలసెను. 1916లో చలనచిత్రమునందును నటించెను. 1925లో ప్రభుత్వము 'డేము' బిరుదమొసంగెను.

ఆ యింట గాజుబీరువాలో, 1888లో లేడీ మాక్బెత్ వేషమున ధరించిన పచ్చని యుడుపును జూచితిమి. దానినిండ సుమారు వేయి జీరంగి ఱెక్కలు కుట్టియున్నవి. చిన్ననాట మేము అగ్గిపెట్టెలలో దాచుకొన్నట్టి పురుగుల ఱెక్కలే!

దానియెదుట నిలిచి మాకు మా దూరపు చుట్టమొకామె తలపునకు వచ్చెను. భర్త విడనాడగా నామె నాటకసమాజమున చేరినది. అది మొదలు మేమామెను పేరంటమునకైన పిలువలేదు. శకుంతల కథ చదివి కన్నీరు విడిచిన మేమే యామెకు తలుపు మూసితిమి.

ఎల్లెన్ 1928లో నీ యింటనే కన్నుమూసెను. కూతురు ఎడిత్ మఱుసటి యేడే దీనిని తల్లి జ్ఞాపకార్థము ప్రదర్శనశాల గావించి, తోటలోని కొట్టమును నాటకశాలగా మార్చెను. 1939లో నేషనల్ ట్రస్టున కప్పగించెను. లోకము నిందించిన తల్లి యుడుపులను, చెప్పులను, ఉత్తరములను ఆ కూతు రెంత పదిలపఱచినదో!

ఊరు చేరినదినమే యా చుట్టమునకు జాబు వ్రాసితిమి, వచ్చు సంక్రాంతికి మా యింటికి రావలసినదని. ఆమె యేమి బదులిచ్చునో యని టపావానికై యెదురుచూచుచున్నాము.