జెర్రిపోతు వెన్ను, తాబేలు ఊపిరి

భివండీలోని ధామన్కర్ నాకా చుట్టుపక్కల సాంచాల (మరమగ్గాల) షెడ్లలో పాము కనబడటం వింతేమీ కాదు. నూలు చెత్త పోగుపడ్డచోట ఎలుకలు చేరతాయి, వాటి కోసం జెర్రిపోతు వస్తుంది. ఇక్కడి పద్మానగర్‌లో మన తెలుగువాళ్లలో కర్ర అందుకునేవాళ్లూ ఉన్నారు, పాములను కాపాడి పట్టే సర్పమిత్రకు ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. ఈ వానాకాలం అలా ఫోన్ చేసి పట్టించిన ఒక జెర్రిపోతుకు నడుం కింద కదలిక సరిగా లేదు. అటవీ శాఖకు కబురు చెప్పి, దాన్ని థానేలోని ఓ జంతు వైద్యశాలకు తీసుకెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను.

అక్కడి ఎక్స్‌రే మిషన్ మామూలుదే. పనితనమంతా జంతువును పడుకోబెట్టడంలో ఉంది. చుట్ట చుట్టుకుంటే ఎముకల మీద ఎముకలు పడి ఏదీ తెలియదు. అందుకని పామును సన్నని ప్లాస్టిక్ గొట్టంలోకి పాకించారు. ఆరడుగుల ఒళ్లు ఒక్క ప్లేటులో పట్టదు. బట్ట తాకా మీద మీటర్ల గుర్తులు వేసినట్టు, పక్కన సీసపు అంకెలు పెట్టుకుంటూ భాగాలుగా తీశారు. మూడో బొమ్మలో రెండు వెన్నుపూసలు వరస తప్పి కనిపించాయి. లోపలి నరాలు ఎంత దెబ్బతిన్నాయో ఎక్స్‌రే చెప్పలేదు. అందుకే డాక్టరమ్మ తోక కొస గిల్లి చూశారు. అది కొద్దిగా కదిలింది. నా ప్రాణం లేచొచ్చింది.

అదే గదిలో ఎవరింట్లోనో దొరికిన నక్షత్ర తాబేలు ఉంది. రాయలసీమ ముళ్లపొదల్లో తిరగాల్సిన జీవి. కలిసొస్తుందని కొని, ఎండ తగలని ఫ్లాటులో పెడుతున్నారు. ఎండ లేక, సున్నం అందక ఎముక గుల్లబారుతుంది. డిప్ప మెత్తబడేదాకా పైకి ఏమీ తెలియదు. దీన్ని పెంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. అయినా అమ్మకాలు ఆగలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

తాబేలుకు మూడు వైపుల నుంచి ఎక్స్‌రే తీస్తారు. పైనుంచి తీస్తే గుడ్లు, మూత్రాశయంలో రాళ్లు, మింగిన గాలం కనబడతాయి. ఊపిరితిత్తుల సంగతి వేరు. అవి వీపు డిప్ప కిందే ఉంటాయి, మనకున్నట్టు పొట్టకూ వాటికీ మధ్య కండరపు తెర లేదు. తాబేలును పక్కకు పడుకోబెడితే పేగులు వచ్చి ఊపిరితిత్తుల మీద పడతాయి. కాబట్టి దాన్ని మామూలుగా బోర్లానే ఉంచి, మిషన్‌నే అడ్డంగా తిప్పి ముందునుంచీ పక్కనుంచీ తీస్తారు. ఈ తాబేలుకు ఎడమవైపు నల్లగా ఉండాల్సినచోట తెల్లగా మసక కమ్మింది. న్యుమోనియా. తెర లేదు కాబట్టి దగ్గి కఫం బయటికి తోసుకోనూ లేదు.

కప్పలకూ ఎక్స్‌రే తీస్తారు; వాటి విషయంలో జాగ్రత్త చర్మం గురించి. తడితో పాటు మందులనూ పీల్చేసుకునే చర్మం అది. పొడి లేని గ్లౌజులు తడిపి వేసుకుని, తడి ఆరకుండా ప్లాస్టిక్ సంచిలో ఉంచి తీస్తారు. రాంట్‌జెన్ 1895 చివర్లో ఈ కిరణాలను కనిపెడితే, మరుసటేడే వియన్నాలో ఎడర్, వాలెంటా కప్పలకూ పాముకూ ఊసరవెల్లికీ ఎక్స్‌రేలు తీసి అచ్చువేశారు. అంత పాత విద్య మన ఊరి పశువుల ఆసుపత్రి దాకా ఎందుకు రాదని అడగాలనిపిస్తుంది.

బయల్దేరేముందు డాక్టరమ్మ ఒక మాట గట్టిగా చెప్పారు: గాలం మింగిన తాబేలు దొరికితే దారం లాగొద్దు, మొదలంటా కోసేయొద్దు, అలాగే తీసుకురండి. పాము నడుం విరిగిందనిపిస్తే తోక పట్టి ఎత్తొద్దు. ఈ రెండు మాటలూ సర్పమిత్ర నంబరుతో కలిపి తెలుగులో, మరాఠీలో, హిందీలో రాయించి మా గల్లీ షెడ్లలో అతికిస్తున్నాం.